పదోవంతు సారం

చెదలు తిన్న ఆలోచన ఎక్కడికి పోతుంది?

హనుమకొండలో కిరాణా దుకాణం నడుపుతూ ముప్పై ఏళ్లు తత్త్వశాస్త్రం చదివి, తేలిన సారాన్ని ఒక నోటుపుస్తకంలో రాసుకున్నాను. అందులో ఒక్క వాక్యమైనా నాకు గుర్తులేదు. పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిది వేసవిలో తెరిచి చూస్తే సగం చెదల పాలై ఉంది. పెరట్లో దులిపాను. పక్కింటి అనీస్ బేగం కోడి వచ్చి ఆ చెదలన్నిటినీ ఏరుకొని తిన్నది.

మర్నాడు ఆమె గుడ్డు పట్టుకొని వచ్చింది.

"అన్నా, ఇది మీదే. మీ చదువంతా దీంట్లనే ఉన్నది."

శాకాహారులమైన మా ఇంట్లోకి గుడ్డు ఎన్నడూ రాలేదు. అయినా చేయి చాచాను.

ఆమె భర్త నయీముద్దీన్ బడిలో సైన్సు చెప్తాడు. అతను గోడ మీదుగా నవ్వాడు.

"జర ఆగుండ్రి అన్నా. తిన్నదాంట్ల పదోవంతే ఒంటికి పడ్తది. కాయితంల పదోవంతు చెదలకు, చెదలల పదోవంతు కోడికి. తక్కింది దాని ఉరుకులాటకే పాయె."

"మరి నాకు?"

"అందుల పదోవంతు. గంతే."

ముప్పై ఏళ్లలో వెయ్యోవంతు! నష్టమంతా మధ్యవర్తుల వల్లనే. వ్యాపారినై ఉండి ఇది నాకు ముందే తట్టవలసింది. గుడ్డును ఆమెకే ఇచ్చివేసి, నోటుపుస్తకంలో మిగిలిన సగాన్ని నేరుగా తీసుకోవాలని నిశ్చయించుకున్నాను. మొదటి పుట చింపి, నాలుగు మడతలు పెట్టి, నోట్లో వేసుకొని నమలడం మొదలుపెట్టాను.