మడత మీది కొలత

మా ఆయనకి ఒక అలవాటుంది. చెడ్డ వార్త చెప్పే ముందు గ్లాసులు కడుగుతాడు. ఆ ఆదివారం ఆరు గ్లాసులు కడిగి, తుడిచి, బోర్లించి, అప్పుడు బయటపెట్టాడు. వాళ్ళక్క వస్తోందట. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైందట, ఒంటరిగా ఏమీ తోచడం లేదట, ఓ నాలుగు రోజులు ఉంటుందట.

మాకున్నవి రెండు గదులు, ఓ వంటిల్లు. లోపలి గదిలో మంచం. ముందు గది నాది. అందులో కుట్టుమిషను, గోడవారగా ఆరడుగుల కటింగ్ బల్ల. ఇరవై ఏళ్ళుగా ఆ బల్ల దగ్గర నిలబడే నలుగురి బట్టలూ కత్తిరిస్తున్నాను. చేతిలో కత్తెర ఉన్నంతసేపు నన్నెవరూ పలకరించరు. ఈ ఇంట్లో నేను ఎవరికీ ఏమీ కానక్కర్లేని చోటు అదొక్కటే.

"ఫ్యూటాన్ బెడ్ కొని ముందు గదిలో వేద్దాం. మడిస్తే సోఫా, పరిస్తే మంచం. నీ బల్ల జోలికి ఎవరూ రారు" అన్నాడాయన.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆ రోజు కోపానికి బదులు దురాలోచన వచ్చింది. పడక ఎంత గట్టిగా ఉంటే వదిన అంత తొందరగా వెళ్ళిపోతుంది.

మర్నాడు ఫర్నిచర్ దుకాణంలో మూడు రకాలు చూపించారు. మొదటిదాని మీద కూర్చుంటే లేవబుద్ధి కాలేదు, అందుకే వద్దన్నాను. రెండోదీ బాగుంది, అదీ వద్దన్నాను. మూడోదాన్ని చేత్తో నొక్కితే పరుపు కింది చెక్కపట్టీలు ఒక్కొక్కటే వేళ్ళకి తగిలాయి. మా ఆయన కాసేపు కూర్చుని, నడుం రుద్దుకుంటూ లేచాడు. ఇదే కావాలన్నాను. నడుముకి గట్టి పరుపే మంచిదని నోటికొచ్చిందేదో చెప్పాను.

మెడలో టేపు ఎలాగూ ఉంది. తీసి వెడల్పు కొలిచాను. మూడడుగులు కూడా లేదు. దానికీ నా బల్లకీ మధ్య నేను హాయిగా తిరగొచ్చు. ఒకసారి పరిచి చూపిస్తానన్నాడు దుకాణం అతను. అక్కడే చెడింది.

"ఇరవై ఏళ్ళుగా కొలతలతోనే బతుకుతున్నానయ్యా, నాకు చెప్పకు" అన్నాను.

మా పనిలో బట్టని సగానికి మడిచి, మడత మీదే కొలిచి కత్తిరిస్తాం. విప్పితే రెండింతలవుతుందని నేర్చుకునే మొదటి రోజే చెబుతారు. కానీ నా చేతికి ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, మడత మీద కొలిచానంటే ఇక మొత్తం కొలిచేసినట్టే.

వదిన బుధవారం వచ్చింది. చక్కటి మనిషి, అదే నా బాధ. తిట్టుకోవడానికి ఒక్క కారణం కూడా దొరకనివ్వదు. నాకోసం మంచి కత్తెర కూడా కొనుక్కొచ్చింది. మా ఆయన ఫ్యూటాన్ పరవబోతే, అది సగం విప్పుకుని నా బల్ల కాళ్ళకి కొట్టుకుని ఆగిపోయింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ నావైపు చూశారు. పోనీలే, నేల మీద పడుకుంటానంది వదిన. అరవై దాటిన మనిషి. బల్ల కాళ్ళు ఊడదీసింది నేనే, పైచెక్కని బీరువా వెనక నిలబెట్టిందీ నేనే. నాలుగు రోజులే కదా.

ఒక్క రాత్రికే వదిన నడుం పట్టేసింది. సిగ్గు లేకుండా లోలోపల సంతోషించాను. ఇక పెట్టె సర్దుకుంటుందనుకున్నాను. కానీ తెల్లారేసరికి మా ఆయన గ్లాసులు కడుగుతున్నాడు. లోపలి మంచం అక్కకిచ్చేసి మనం ముందు గదిలో సర్దుకుందామన్నాడు. నేనే ఏరికోరి తెచ్చిన చెక్కపట్టీల మీద ఆ రోజు నుంచి నేనే పడుకుంటున్నాను.

ఇది జరిగి మూడు నెలలైంది. ఫ్యూటాన్‌ని మడవడం కూడా మానేశాం. బల్ల లేదు కాబట్టి దాని మీదే మోకాళ్ళ మీద కూర్చుని బట్టలు కత్తిరిస్తున్నాను. గట్టిది కదా, కత్తెర బాగానే నడుస్తుంది. వదిన పక్కనే చేరి సూదికి దారం ఎక్కిస్తుంది, పిన్నులు అందిస్తుంది, ఆసుపత్రి కబుర్లు చెబుతుంది. నేను తలెత్తకపోయినా ఏమీ అనుకోదు. ఎవరూ పలకరించని గంట ఒక్కటి కూడా నాకు మిగల్లేదు. ఊపిరాడడం లేదని ఎవరితో చెప్పను? విన్నవాళ్ళు నన్నే తప్పుపడతారు.

నిన్న కత్తెర పక్కన పెట్టి, ధైర్యం చేసి అడిగాను. అక్కడ మీ ఇల్లు ఎలా ఉందో ఏమో, ఒకసారి చూసుకుని రారా వదినా అని.

"ఎప్పుడో ఖాళీ చేసేశానమ్మా. వాడు నీకు చెప్పలేదా?" అంది వదిన. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇన్నాళ్ళకి నాకంటూ మనుషులు దొరికారు. అన్నట్టు, నా గది కిటికీకి ఎండ కొడుతోంది. పాత కర్టెన్ పలచబడిపోయింది. కొత్తది కుట్టిపెడతావా?"

నా గది, అంది.

వంటింట్లో గ్లాసుల చప్పుడు మొదలైంది. నేను టేపు తీసుకుని లోపలికి వెళ్ళాను. పాత కర్టెన్‌ని కడ్డీ మీంచి దించి, మడతలన్నీ విప్పి, మంచం మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా పరిచి కొలిచాను. ఈసారి కొలత తప్పలేదు.