సవతి గొంతు

"కాసేపు నోరు మూసుకుంటావా? విననీ!"

అన్నది మొగుడు. ఆమె అడిగినదల్లా ఒక్కటే, రేపటికి నీలం చొక్కా ఇస్త్రీ చెయ్యనా, చారలదా అని. ఆదివారం పొద్దున్న. ఆయన కుర్చీలో కాళ్ళు బారచాపుకుని, బల్లమీద ఫోను పెట్టుకుని, అందులోంచి వస్తున్న కథకి చెవులప్పగించి కూర్చున్నాడు. పదిహేనేళ్ళ కూతురు సోఫాలో బోర్లా పడుకుని ఊపిరి బిగబట్టింది. కథలో పదిహేడేళ్ళ పిల్ల, పాత పటాలకి మరమ్మతులు చేసే అమ్మాయి, ఓ చిరిగిన పటం మీద వేలుపెట్టి ఏడువందల ఏళ్ళు వెనక్కి పోయింది. శత్రువులు చుట్టుముట్టిన కోటలో చిక్కుకుంది. "నన్ను నమ్ము, నేను గూఢచారిని కాను" అని కోట తలుపు దగ్గర కాపలా కుర్రాడిని బతిమాలుతోంది. ఆ బతిమాలే గొంతు ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడ్డ ఈవిడదే. నోరు మూసుకోమన్నదీ ఈవిడనే, ఎవరి మాట వినబడ్డానికి మూసుకోమన్నాడో ఆ మనిషీ ఈవిడే. ఇంతకంటే చోద్యం ఎక్కడన్నా ఉందా చెప్పండి! ఆమె చారల చొక్కా తీసి కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించింది.

ఆమె పనిచేసేది పుస్తకాలు చదివి రికార్డు చేసే స్టూడియోలో. తొమ్మిదేళ్ళుగా పని వినడమే. అద్దానికి ఇవతల పుస్తకం ముందు పెట్టుకుని కూర్చుంటుంది, అద్దానికి అవతల ఎవరో చదువుతుంటారు. ఒక మాట తప్పితే, పేజీ చప్పుడైతే, చదివేవాళ్ళ కడుపు గుర్రుమంటే పెన్సిల్‌తో గుర్తు పెట్టాలి. 'పటాల పిల్ల' మొదటి రెండు భాగాలూ ఓ ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి చదివింది. ఆమె మనసులో ఆ అమ్మాయికి పెట్టుకున్న పేరు చిలకమ్మ. చక్కటి పిల్ల, చక్కటి ఫొటో, ఆ ఫొటో పుస్తకం బొమ్మ పక్కనే వేస్తారు. మూడో భాగం మొదలయ్యే వారం చిలకమ్మకి సినిమా డబ్బింగులో అవకాశం వచ్చి చక్కాపోయింది. స్టూడియో నడిపే మేడమ్ తల పట్టుకుని, "అక్కా, కథంతా మీకు కంఠతా వచ్చు కదా, ఈ ఒక్క అధ్యాయం లాగించెయ్యండి, విన్నవాళ్ళకి తేడా తెలియకుండా" అంది. ఆమె గాజులు తీసి పక్కన పెట్టింది, నోరు ఎండి టక్కుటక్కుమనకుండా ఆపిల్ ముక్క నమిలింది, ఫ్యాను ఆపేసిన ఆ డబ్బాలాంటి గదిలోకి వెళ్ళి, నలభై మూడేళ్ళ గొంతులోంచి పదిహేడేళ్ళ పిల్లని బయటికి లాగింది. ఒకటి రెండయ్యింది, రెండు తొమ్మిదయ్యాయి. వారానికొకటి, ఆదివారం ఆదివారం. పేరు మాత్రం చిలకమ్మదే.

ఇంట్లో చెప్పలేదా అంటే, మొదటిరోజే చెప్పింది. కంచాలు పెడుతూ, సిగ్గుపడుతూ, "ఇవాళ నేనే చదివానండీ, పటాల పిల్లని" అంది. ఆయనకి పొలమారింది. "నువ్వా! నీ గొంతు ముందు కుక్కర్ నయం కదే, మూడు కూతలేసి ఊరుకుంటుంది" అని పడీపడీ నవ్వాడు. కూతురు "అమ్మా, ప్లీజ్, జోకులెయ్యకు" అంది. ఆమె కూడా నవ్వేసింది. నవ్వేసి, వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు తాగి, ఒక నిర్ణయానికొచ్చింది. ఇంకోసారి చెప్పదు. పద్దెనిమిదేళ్ళుగా ఒక మంచం మీద పడుకున్న మనిషి, తన గొంతుని తనంతట తనే గుర్తుపట్టాలి. ఏదో ఒక ఆదివారం తల తిప్పి, "ఒసేవ్, ఇది నువ్వు కదూ?" అనాలి. ఆ ఒక్క మాట కోసం కాచుకుని కూర్చుంది. పిచ్చిదీ, ఏం చేస్తాం!

అనలేదు సరికదా, మెచ్చుకోలు మొదలుపెట్టాడు. "ఆ అమ్మాయి మాట్లాడుతుంటే ఎంత హాయిగా ఉంటుందో! ఒక్క మాట వృథా పోదు." "ఎంత ఓర్పు ఆ గొంతులో!" "నువ్వూ విని నేర్చుకోరాదూ, మనిషితో ఎలా మాట్లాడాలో!" పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ కార్లో ఆ గొంతే, సాయంత్రం చెప్పులు విప్పుతూ ఆ గొంతే. ఒకరోజు ఫోనుని చూసి తనలో తనే ముసిముసిగా నవ్వుకోవడం ఆమె వంటింటి గుమ్మంలోంచి చూసింది. పెళ్ళయిన కొత్తలో చూసిన నవ్వు అది, ఎటు పోయిందో అనుకుంది ఇన్నాళ్ళూ. ఒళ్ళంతా కారం రాసుకున్నట్టు మండిపోయింది. సవతి ఉంటే ఇలాగే ఉంటుంది కాబోలు. ఇంకెవరితోనో అయితే వెళ్ళి జుట్టు పట్టుకుని నిలదీసేది. ఇక్కడ ఎవరి జుట్టని పట్టుకుంటుంది? తన నోట్లోంచే పుట్టి, తన కళ్ళముందే తన మొగుణ్ణి ఎగరేసుకుపోయింది ఆ పిల్ల. పైగా దాని బట్టలు ఎవరూ ఉతకక్కర్లేదు, దానికి టిఫిన్ డబ్బా కట్టక్కర్లేదు. అదీ ఎవరికీ కట్టక్కర్లేదు.

అంతకంటే పెద్ద కుళ్ళు ఇంకొకటుంది, అది చెప్పుకోవడానికే సిగ్గు. కథలో ఆ కాపలా కుర్రాడున్నాడే, వాడిమీద. తొమ్మిదో అధ్యాయంలో ఆ పిల్ల మొహానికి గుడ్డ చుట్టుకుని, నీళ్ళు మోసే ఆడవాళ్ళ గుంపులో కలిసిపోయి కోట దాటబోతుంది. పట్టుబడితే తల తీసేస్తారు. చీకటి, ముప్ఫైమంది ఆడవాళ్ళు, ఎవరూ మాట్లాడకూడదు. ఆ పిల్ల చిన్నగా దగ్గుతుంది, అంతే. గోడమీద నిలబడ్డ కుర్రాడు ఆ ఒక్క దగ్గుకి గుర్తుపట్టేస్తాడు. ఈటె దించేసి, పక్కవాడి చూపు మళ్ళించి, ఆమెని పోనిస్తాడు. వాడికీ ఆమెకీ పరిచయం ఎన్నాళ్ళదని? పదకొండు రోజులది! ఆ పేజీ చదివినప్పుడు ఆమె గొంతు వణికితే, సౌండ్ ఇంజనీరు "బాగుందక్కా, అలాగే ఉంచేద్దాం" అన్నాడు. వణికింది ప్రేమకి కాదు, ఓర్వలేనితనానికి. ఆ అధ్యాయం విన్న ఆదివారం భోజనాల దగ్గర ఆమె కావాలనే దగ్గింది. అచ్చం అలాగే, చిన్నగా, రెండు ముక్కలుగా. ఆయన తలెత్తకుండా, "మందు వేసుకో, పిల్లకి అంటిస్తావు" అన్నాడు.

పదో అధ్యాయం మామూలుగా గడిచింది. పదకొండోది నీళ్ళ సొరంగం. కోట కింద సొరంగంలో ఆ పిల్లని బంధించి, చెరువు తూము ఎత్తేస్తారు. నీళ్ళు మోకాళ్ళకొస్తాయి, నడుముకొస్తాయి, మెడకొస్తాయి. అప్పుడు ఆ పిల్ల కేక పెట్టాలి. మొదటిసారి ఆమె పెట్టిన కేక నాటకంలో కేకలా ఉంది. సౌండ్ ఇంజనీరు మొహమాటంగా "ఇంకోసారి చూద్దామాక్కా?" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే సొరంగం కనబడలేదు, ఆసుపత్రి కనబడింది. కూతురికి నాలుగేళ్ళప్పుడు, ఆరో నెలలో పోయిన రెండో బిడ్డ. ఆకుపచ్చ పరదా. ఏడుపు గొంతుదాకా వచ్చిన క్షణంలో ఆయన వంగి, "మెల్లగా... పక్క మంచాలవాళ్ళు చూస్తున్నారు" అన్నాడు. అత్తగారు దుప్పటి సర్దుతూ "ఊరుకోమ్మా, ఇంట్లో ఒకతి ఉందిగా" అంది. ఆమె ఊరుకుంది. పదకొండేళ్ళు ఊరుకుంది. ఇప్పుడు ఫ్యాను లేని ఆ గదిలో, గాజుల్లేని చేతులతో బల్లని పట్టుకుని, ఊరుకోలేదు. ఆ కేక ఎంతసేపు పెట్టిందో ఆమెకి తెలీదు. కళ్ళు తెరిచేసరికి అద్దం అవతల సౌండ్ ఇంజనీరు హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "అయిందక్కా, ఇంక వద్దు" అన్నాడు.

ఆ ఆదివారం ముగ్గురూ కార్లో అత్తగారింటికి వెళ్తున్నారు. ఆమె వెనక సీట్లో, ఒళ్ళో కూర గిన్నె ఒలికిపోకుండా పట్టుకుని. ఫోనులో కథ నడుస్తోంది, నీళ్ళు మెడదాకా వచ్చాయి. కేక వచ్చింది. కూతురు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆయన కారు వేగం తగ్గించి, తగ్గించి, రోడ్డు పక్కన ఆపేశాడు. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ఏడ్చాడు. నిజం, కన్నీళ్ళు కారుతున్నాయి, జేబురుమాలు కోసం తడుముకున్నాడు. "పాపం, ఎంత నరకం అనుభవించిందో చూడు... మనిషన్నవాడెవడైనా ఆ ఏడుపు విని తట్టుకోగలడా?"

ఆమె గిన్నె పట్టుకుని బిగుసుకుపోయింది. ఆ కన్నీళ్ళు నావి, అనుకుంది. నాకు రావలసినవి, పదకొండేళ్ళ కింద, ఆ పరదా పక్కన. లోకంలో ఎన్నడూ లేని ఒక పిల్లకి, రాసినావిడ ఊహలో తప్ప ఎక్కడా మునగని ఒక పిల్లకి, నా కన్నీళ్ళు నాకు చెప్పకుండా ఇచ్చేశాడు. ఇంత కుళ్ళు తన ఒంట్లో ఉందని ఆమెకే తెలీదు. ఆ పిల్ల నిజంగా ఎదురుగా ఉంటే ఆ నీళ్ళలోకే తోసేసి ఉండేది. ఆయన కళ్ళు తుడుచుకుని అద్దంలో ఆమెని చూశాడు. "నీకేమీ అనిపించలేదా? రాయివే నువ్వు" అన్నాడు. కారు కదిలింది.

సోమవారం ఆమె మేడమ్ గదిలోకి వెళ్ళి, "చివరి అధ్యాయం నేను చదవను. చదవాలంటే నా పేరు వెయ్యాలి, మొదటి అధ్యాయం నుంచీ" అంది. మేడమ్ కుర్చీలో వెనక్కి వాలింది. "ఇన్నాళ్ళూ లేని పట్టుదల ఇప్పుడేంటక్కా? మీరు ఇంటి మనిషి లాంటివారు." ఆ మాటకి ఆమెకి చిర్రెత్తుకొచ్చింది. "ఇంటి మనిషినని ఇంట్లో కూడా అంటారండీ" అని వచ్చేసింది. మేడమ్ చిలకమ్మని పిలిపించింది. ఆమె తన పాత కుర్చీలో, పెన్సిల్ పట్టుకుని విన్నది. అబద్ధమెందుకు, పిల్ల బాగానే చదివింది, ఒక్క మాట తప్పలేదు. మూడో పౌర్ణమికి దారి మూసుకుపోతుంది, ఆ పిల్ల తన కాలానికి తిరిగి వెళ్ళాలా, ఆ కుర్రాడి దగ్గర ఉండిపోవాలా అన్నది చివరి అధ్యాయం. చిలకమ్మ చదువుతుంటే ఆ పిల్ల ఏ బస్సెక్కాలో చూసుకుంటున్నట్టుంది. బయటికొచ్చి చిలకమ్మ ఆమె పక్కన కూలబడింది. "అక్కా, ఆ నీళ్ళ అధ్యాయం విన్నాను. విని నిద్రపట్టలేదు. ఆ పిల్ల ఇప్పుడు మీది, నాకు చేతకాదు. నా పేరు తీసెయ్యమని మేడమ్‌తో నేనే చెప్తాను" అంది. ఆమెకి మూడు నెలలుగా ఆ ఫొటోని చూసి నూరుకున్న పళ్ళన్నీ గుర్తొచ్చి, డబ్బాలో మిగిలిన ఆపిల్ ముక్క చిలకమ్మకి పెట్టింది.

మేడమ్ వినలేదు. చిలకమ్మ చదివిన ఐదు నిమిషాల ముక్క ముందుగా వదిలింది. ఇంక చూడండి, విన్నవాళ్ళు దుమ్మెత్తిపోశారు. "మా పిల్లని ఏం చేశారు?" అని ఒకరు, "ఆ గొంతు తెచ్చేదాకా మేము వినం" అని ఇంకొకరు. ఇవన్నీ ఇంట్లో కూతురే పైకి చదివి వినిపించింది. ఆదివారం వచ్చింది, అధ్యాయం రాలేదు. ఆయన కాలుగాలిన పిల్లిలా తిరిగాడు. మంగళవారం సాయంత్రం, ఆమె ఉల్లిపాయలు తరుగుతుంటే మేడమ్ ఫోను చేసింది. "మీరే గెలిచారక్కా. పేరు వేసేశాం, ప్రకటన కూడా పెట్టేశాం. రేపు పొద్దున్న ఎనిమిదింటికి వచ్చెయ్యండి" అంది. ఆమె సరేనని ఫోను పెట్టేసి, కళ్ళు తుడుచుకుంది. అవి ఉల్లిపాయల నీళ్ళే, కొన్ని కావు.

ముందు గదిలో అప్పటికే ఆయన ఫోను పట్టుకుని రుసరుసలాడుతున్నాడు. "చూశావా అన్యాయం! ఇన్నాళ్ళూ చదివింది ఆ ఫొటో అమ్మాయి కాదట. ఇంకెవరో ఆవిడట. పేరు కూడా వెయ్యకుండా పదకొండు అధ్యాయాలు చదివించుకున్నారట, ఇప్పుడు క్షమాపణ చెప్తున్నారు. ఇంట్లోవాళ్ళయినా అడగొద్దూ? ఎలాంటి మనుషులో!"

ఆమె గుమ్మంలో నిలబడింది. ఇప్పుడు చూస్తాడు, ఇప్పుడు తల తిప్పుతాడు. మూడు నెలల ఆశ, ఎంత కాదనుకున్నా చావదు కదా. ఆయన వేలితో పైకి తోసి, కిందికి తోసి, ఒకచోట ఆగాడు. తల తిప్పాడు. నవ్వాడు.

"అరె! ఆవిడదీ నీ పేరే! ఇంటిపేరు కూడా మనదే, చూడు చూడు. పేరు కలిస్తే ఏం లాభంలే, గొంతు కలవాలి గానీ."

సోఫాలో కూతురు నెమ్మదిగా లేచి కూర్చుంది. తండ్రి వైపు చూడలేదు. తల్లిని చూసింది, పైనుంచి కిందిదాకా, కొత్త మనిషిని చూసినట్టు.

ఆమెకి ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. ఆశ్చర్యమేమిటంటే, కుళ్ళు కూడా రాలేదు. ఇన్నాళ్ళూ దేనికోసం కాచుకుని కూర్చుందో అది చాలా చిన్నదిగా కనబడింది. చేతులు తుడుచుకుని, తువ్వాలు కుర్చీ వీపు మీద వేసింది.

"రేపు పొద్దున్న టిఫిన్ మీరు చూసుకోండి. ఎనిమిదింటికల్లా నేను స్టూడియోలో ఉండాలి," అంది. "ఆ పిల్ల ఇంటికి తిరిగొస్తుందో రాదో, చెప్పాల్సింది నేను."