పళ్ళరిగిన టాంగ్స్

క్వీన్స్‌లాండ్ పడమటి ఎడారిలో చమురుబావులు తవ్వే రిగ్గు మాది. డ్రిల్లింగ్ గొట్టాలు బిగించడానికీ విప్పడానికీ వాడే టాంగ్స్ దగ్గర నేనూ, సమోవా దీవులవాడైన ఫేలెటీ పనిచేసేవాళ్ళం. మనిషికన్నా బరువైన ఇనుప పట్టకార్లవి. వాటి పళ్ళు అరిగి నున్నబడ్డాయి. సందుల్లో గ్రీజూ బురదా కలిసి చీములా కారుతుండేవి. ముట్టుకుంటే ఒళ్ళు జలదరించేది.

"క్లైవ్, ఇవి జారుతున్నాయి. పళ్ళు మార్చాలి," అన్నాను మా రిగ్ మేనేజరుతో.

"మీ అమ్మమ్మ కట్టుడుపళ్ళనుకున్నావా డెస్, అడగ్గానే మార్చడానికి? ఈ బావి అయ్యేదాకా లాగించండి. రేపు పెద్దాఫీసు వాళ్ళొస్తున్నారు, కాస్త రంగెయ్యి."

నేను వెయ్యనన్నాను. క్లైవే స్ప్రే డబ్బా తెచ్చి, ఆ మురికి మీదే పచ్చరంగు కొట్టాడు.

మర్నాడు ఉదయం జాయింటు విప్పుతుండగా టాంగ్స్ పట్టు జారింది. పిడి గిర్రున తిరిగి ఫేలెటీ చేతిని ఇనుప స్తంభానికేసి నొక్కేసింది. కొండలాంటి ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడి, "గ్లవ్ తియ్యకురా డెస్. లోపల ఏం మిగిలిందో నేను చూడలేను," అన్నాడు.

అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళిన విమానం కనుమరుగవకముందే క్లైవ్ నీళ్ళగొట్టం పెట్టి నెత్తురు కడిగించాడు. తర్వాత స్టోరులోంచి ఓ డబ్బా తెచ్చాడు. కొత్త పళ్ళు! పైనున్న ప్లాస్టిక్ కూడా చింపలేదు.

"ఇవి బిగించెయ్. ఎవరైనా అడిగితే, ఎప్పుడూ ఇవే ఉన్నాయను. వాడే పరాకుగా చెయ్యి పెట్టాడని చెప్పు. సరేనా?"

"ఇవి స్టోర్లోనే ఉన్నాయా?"

"తర్వాతి బావికని దాచానులే."

కమ్మీ పట్టుకుని భళ్ళున కక్కాను. మూతి తుడుచుకుని వెళ్ళి టాంగ్స్ ముందు బైఠాయించాను. క్లైవ్ తిట్టాడు, బతిమాలాడు. నేను ఎవరినీ వాటి మీద చెయ్యి వెయ్యనివ్వలేదు.

మధ్యాహ్నం పెద్దాఫీసు వాళ్ళొచ్చారు. నా గోళ్ళతో రంగు గీకి, అరిగిన పళ్ళు చూపించాను. వాళ్ళలో ఒకావిడ ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని వంగి చూసింది. లేచి, రిగ్గు ఆపమంది.

ఫేలెటీకి రెండు వేళ్ళు పోయాయి. క్లైవ్ ఉద్యోగం మాత్రం పోలేదు. ఇంకో రిగ్గుకి పంపారంతే. వెళ్ళే రోజు నవ్వుతూ చెయ్యి చాపాడు.

"మనసులో ఏం పెట్టుకోకు, డెస్."

ఆ చేతికేసి చూశాను. గోళ్ళు కత్తిరించుకుని, సబ్బు వాసనేస్తూ శుభ్రంగా ఉంది. చేతులు జేబుల్లోంచి తీయకుండానే క్యాంటీన్ వైపు నడిచాను.