పెంకు లోపలి వైపు

మేకులు ఇచ్చింది వాళ్లే.

అంతకు ముందు పెంకు లోపలి వైపు ఫ్యాక్టరీ పేరు పడేది. ఆ పేరు అచ్చులోనే ఉండేది, మిషన్ దిగితే దానంతటదే పడేది. బూట్లవాళ్లు, అంటే సైన్యంవాళ్లు, ఊళ్లోకి వచ్చాక దాన్ని ఆకురాయితో అరగదీయించారు. దాని బదులు ఒక్కొక్కరికి ఒక నెంబరు, ఒక మేకు ఇచ్చారు. ఎవరి చేతిమీదుగా వెళ్లిన పెంకు మీద వాళ్లు, పచ్చిగా ఉన్నప్పుడే, తమ నెంబరు గీయాలి. రేపు ఏ పెంకు పగిలినా, ఏ పెంకు కారినా మనిషి దొరకాలి. నా నెంబరు ఇరవై ఆరు.

మాది పెద్ద ఫ్యాక్టరీ కాదు. గొయ్యిలోంచి మట్టి వస్తుంది, తొట్టిలో నానుతుంది, ముద్దలై మిషన్ దగ్గరికి చేరుతుంది. ఒకరు ముద్ద పెడతారు, ఇంకొకరు చక్రం లాగుతారు, పెంకు దిగుతుంది. అంచులు తీగతో కోసి అరల్లో ఆరబెడతారు. ఆరినవి బట్టీకి వెళతాయి. పనంతా నడిపేది మేస్త్రి. బట్టీ దగ్గర అతని తల్లి ఉండేది. ఆమెను పేరు పెట్టి పిలిచే వయసువాళ్లు ఎవరూ మిగల్లేదు, అందరికీ బట్టీ అమ్మే. ఆమె చిన్నకొడుకు ఆమెతో పాటు బట్టీ కుడి, ఎడమ మూతుల్లో కట్టెలు వేసేవాడు. ఆ చిన్నకొడుకు భార్య తీగ దగ్గర కూర్చునేది. అత్త పిలిచే పిలుపునే మేమూ పట్టుకుని ఆమెను చిన్నకోడలు అనేవాళ్లం. ఆమె కన్నా చిన్నవాళ్లు కూడా అలాగే అనేవాళ్లు.

బూట్లవాళ్లు వచ్చిన రెండో నెలలో, ఒకపూట పని ఆపినందుకు మాలో పదకొండు మందిని లారీ ఎక్కించారు. అందులో ఈ చిన్నకొడుకు ఒకడు. కొండ అవతల క్యాంపు. ఉత్తరం రాయడానికి వీల్లేదు, చూడడానికి వీల్లేదు. గేటు దగ్గరికి వెళ్లి ఫలానావాడు ఉన్నాడా అని అడిగితే "లిస్టు లేదు" అంటారు. ఆ పదకొండు మందిలో ఇద్దరు పోయారని ఊళ్లో ఒక మాట తిరిగింది. ఏ ఇద్దరో ఆ మాటలో లేదు.

తమ్ముడు ఉన్నాడా లేడా అన్న ఒక్క సంగతి కోసం మేస్త్రి ఏడు నెలలు తిరిగాడు. సాయంత్రం అతను తిరిగొస్తే తల్లి ఏమీ అడిగేది కాదు. కొడుకు మొహం ఒకసారి చూసి, బట్టీ వైపు తిరిగేది.

ఫ్యాక్టరీ గోడకు ఒక బోర్డు కొట్టారు. పనిలో మాట్లాడరాదు, పాడరాదు, ముగ్గురు ఒకచోట నిలబడరాదు. మిగతావి ఎలాగో సర్దుకున్నాం కానీ పాట ఆగడంతో మిషన్ దగ్గర చిక్కొచ్చింది. ముద్ద పెట్టే చెయ్యి, చక్రం లాగే చెయ్యి ఆ పాటను బట్టే నడిచేవి. పాట ఆగిన మూడో రోజు ఒకడి వేలి కొస పోయింది. తర్వాత అంతా కాలితో నేల తట్టడం మొదలుపెట్టారు. కాలు తట్టరాదని బోర్డులో లేదు.

మొదటి బొమ్మ చిన్నకోడలిది. అప్పుడు చేస్తున్న పెంకులు క్యాంపు అధికారి కొత్త బంగళాకు అనుకున్నాం. మాకెవరూ అలా చెప్పలేదు. మంచి మట్టి వాడమన్నారు, నీళ్లు పోసి చూస్తామన్నారు, ఇంత పట్టింపు బంగళాకే ఉంటుందని మాకు మేమే తేల్చేసుకున్నాం. ఆ అధికారిని మేం పెద్దటోపీ అంటాం. రోజూ ఆ కప్పు కింద వెల్లకిలా పడుకునేది ఆయనే కదా అని, చిన్నకోడలు తన నెంబరు పక్కన ఆయన్నే గీసింది. ఒక గుమ్మడికాయ, దాని మీద టోపీ, టోపీ కింద రెండు చుక్కలు. పెంకులు అరల్లో సర్దే పని నాది. దాన్ని లోపలి వైపు కనబడేలా నిలబెట్టి వచ్చాను.

మర్నాటికి ముద్దలు పెట్టే చీమ ఒక కోడిని గీశాడు. మనిషి బక్కపలచన, అందుకే చీమ. అతని కోడి టోపీ పెట్టుకుని పెంకు మీద పొదుగుతోంది. తర్వాత ఒకరు పెద్దటోపీని బావిలో పడేశారు, టోపీ నీళ్లమీద తేలింది. పలక పట్టి ఎరగని వాళ్లు కూడా మేకు పట్టారు. ఏ పని మీద వెళుతున్నా అందరూ అరల పక్క నుంచే వెళ్లేవాళ్లు. దుమ్ముకని మొహాలకు గుడ్డలు కట్టుకుంటాం కాబట్టి ఎవరు నవ్వుతున్నారో తెలిసేది కాదు. ఆ చప్పుడు దగ్గనుకుని కాపలావాడు మంచినీళ్ల కుండ దగ్గరికి తెప్పించాడు.

మేస్త్రికి ఇది నచ్చలేదు. పని సరిగ్గా ముగిస్తే తమ్ముడి సంగతి చూస్తానని పెద్దటోపీ ఒకసారి మాటవరసకు అన్నాడు. ఆ మాటను మేస్త్రి గుండెలో కట్టుకుని తిరుగుతున్నాడు.

"అమ్మాయ్, ఇది ఆయన కంటపడితే?" అన్నాడు మరదలితో.

"పడుకునేప్పుడు చూస్తాడు బావగారూ. అప్పుడు టోపీ ఉండదు. తనని కాదనుకుంటాడు."

మేస్త్రి నవ్వలేదు. "నెంబరు కనబడుతోందా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయాడు.

మూడు వారాల తర్వాత లారీ డ్రైవరు నీళ్లు తాగుతూ అన్నాడు, "బంగళా ఏంటి? నేను తోలేది క్యాంపుకి. గాలికి షెడ్ల రేకులు లేచిపోయాయి. ఎక్కి కప్పుతున్నది కూడా లోపలున్నవాళ్లే."

చీమ చేతిలో ముద్ద కింద పెట్టేశాడు.

"ఎన్ని లారీలు దించావు?" అని మేస్త్రి అడిగాడు.

"ఆరు."

"మనవాళ్లకు పగలంతా వాడి మొహం చూసేది చాలదా," అన్నాడు చీమ. "కళ్లు తెరిస్తే మళ్లీ వాడేనా నెత్తిన. మనమే చేసి పంపాం."

"నువ్వు గీసింది కోడి కదా," అన్నారెవరో.

"కోడైతే మాత్రం, వాడే కదా."

"నీ కోడిని చూసి వాడని పోల్చుకోవడం కష్టంలే," అంది బట్టీ అమ్మ. "నేనైతే బాతనుకున్నాను."

ఇక బొమ్మలు వద్దు, నెంబర్లు చాలన్నాడు మేస్త్రి. రెండు రోజులు నెంబర్లే గీశాం. ఆ రెండు రోజులు ఎవరూ అరల పక్కకు రాలేదు, కాళ్లు కూడా సరిగ్గా తట్టలేదు, పదిహేడు పెంకులు అంచు విరిగాయి. మూడో రోజు చిన్నకోడలు వాళ్లింటి మేకను గీసింది. పక్కన రెండు పిల్లలు. భర్తను తీసుకెళ్లేనాటికి ఆ మేక చూలుతో ఉంది. ఈనిన సంగతి అతనికి తెలియదు.

మేస్త్రి వచ్చి ఆ పెంకు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"నెంబరు కనబడుతోందా?" అన్నాడు చివరికి.

"కనబడుతోంది బావగారూ."

అప్పటి నుంచి ఇంటి సంగతులు గీశాం. పడిపోయిన ప్రహరీ, మళ్లీ లేచిన ప్రహరీ. నడక నేర్చిన పిల్ల. కుంటికుక్క. చీమ వాళ్లావిడ గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డది. ఒక ముసలాయన తన పెంకులన్నిటి మీదా పొడుగునా ఒక్కో గీత గీసి ఊరుకున్నాడు. ఇదేంటి తాతా అంటే, రోడ్డు అన్నాడు. రోడ్డు వేశారని వాళ్లకి తెలియద్దా అన్నాడు. ఆ నెలలో విరిగిన పెంకులు బాగా తగ్గాయి. బోర్డు పెట్టడం వల్లే తగ్గాయని పెద్దటోపీ పైవాళ్లకు రాసుకున్నాడట.

ఒకరోజు పొద్దున ఆయనే వచ్చాడు. మిషన్ ఆపించాడు.

"రెండో షెడ్డులో నవ్వుతున్నారు," అన్నాడు మేస్త్రితో.

"ఎందుకు సార్?"

"నేనూ అదే అడుగుతున్నాను. పడుకోమన్నాక నవ్వుతున్నారు. నిలబడితే నవ్వడం లేదు."

పెద్దటోపీ అరల దగ్గరికి నడిచి ఒక పెంకు తీశాడు. పై వైపు వేలితో తట్టి చూశాడు. తర్వాత తిరగేశాడు. అది నడక నేర్చిన పిల్ల బొమ్మ. ఆయన దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు. కళ్లు దగ్గరికి తెచ్చి, మూలన ఉన్న నెంబరు వెతికి, పైకి చదివి, పక్కనున్న పుస్తకంలో ఆ నెంబరుకు మనిషి ఉన్నాడో లేడో చూశాడు. ఉన్నాడు. పెంకు మళ్లీ అరలో పెట్టేశాడు. నెంబరు కోసం వచ్చిన మనిషికి నెంబరే కనబడింది. మేస్త్రి చొక్కా వీపున తడిసిపోవడం నా చోటు నుంచి తెలుస్తోంది.

"మొన్నటి వానకు కప్పు కారిందని చెబుతున్నారు," అన్నాడు పెద్దటోపీ. "రేపు వచ్చి చూడు. కారిన మాట నిజమైతే నువ్వూ అక్కడే ఉందువుగాని."

మా పెంకులు కారవు. ఆ సంగతి మేస్త్రికి తెలుసు, లోపలున్న మావాళ్లకూ తెలుసు. కారిందని ఎందుకన్నారో మాకు అర్థం కాలేదు. మర్నాడు మేస్త్రి నిచ్చెన ఒకటి భుజాన వేసుకుని వెళ్లాడు. బట్టీ అమ్మ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లింది.

లోపల జరిగింది అతను మాకు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

రెండో షెడ్డులో రెండు వరుసల బల్లలు. మధ్యాహ్నం లెక్క తీసేటప్పుడు అందరూ బల్లల మీద వెల్లకిలా పడుకోవాలి. షెడ్డు వాసనకు పెద్దటోపీ ముక్కు మూసుకుని గుమ్మంలోనే ఆగాడు. ఒక కాపలావాడు మేస్త్రి వెంట వచ్చాడు. కప్పు సంగతి తప్ప మరో మాట ఎత్తితే అన్నవాణ్నీ విన్నవాణ్నీ ఇద్దరినీ కొడతానన్నాడు. పడుకున్నవాళ్లలో మేస్త్రి ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వెళ్లాడు. తమ్ముడు లేడు. చివరి బల్ల మీద ఆ పదకొండు మందిలో ఒకడు, మా చక్రం లాగిన పొడుగోడు, ఉన్నాడు. సగం మనిషయ్యాడు.

"కారేది ఇక్కడే మేస్త్రీ. నిలబడితే తెలియదు, పడుకుని చూడాలి."

మేస్త్రి అతని పక్కన పడుకున్నాడు. కప్పంతా మా చేతులే. మేకా, పిల్లలూ సరిగ్గా మధ్య వాసం పక్కన ఉన్నాయి, అన్ని బల్లల నుంచీ కనబడేలా. ముసలాయన రోడ్డు పెంకులు ఏరి ఒకదాని పక్కన ఒకటి పేర్చారు, అది ఈ గోడ నుంచి ఆ గోడకు పోతోంది. పెద్దటోపీ మొహాలన్నీ మరుగుదొడ్డి మూలకు కప్పారు.

"పనితనం బాగాలేదు," అన్నాడు పొడుగోడు, వేలు పైకి చూపిస్తూ. "ఆ మధ్యదానికి ఐదు కాళ్లు. నాలుగంటారు కొందరు, ఐదోది తోకంటారు. రెండు సార్లు కొట్టుకున్నారు. తేల్చి వేరేది పంపండి."

"సరే."

"గరిటె పట్టినది ఒక్కటే ఉంది. తర్వాతది ఏది? అసలు కొట్టిందా లేదా అని అందరూ అడుగుతున్నారు."

కాపలావాడు వంగాడు. "ఏంటది?"

"పెంకుల్లో రకాలు సార్," అన్నాడు పొడుగోడు. తర్వాత గొంతు మార్చకుండానే అన్నాడు, "ఒకటో షెడ్డులో ఒకడికి ఇంకో గోల ఉంది. రోజూ కప్పు చూడడం, తిట్టడం. ఎడమ మూతి పక్క కాల్చినవి నల్లబడ్డాయట. మూడు కట్టెలు తగ్గించమంటున్నాడు. తను దగ్గర లేకపోతే పొయ్యి మీద అదుపే ఉండదట, చెప్పినా ఆవిడ వినదట."

పెంకును కింద నుంచి చూసి అది బట్టీలో ఏ పక్క కాలిందో చెప్పగలిగినవాళ్లు మా ఊళ్లో ఇద్దరే. ఒకరు బట్టీ దగ్గరే ఉన్నారు.

"ఎప్పుడన్నాడు?"

"నిన్న కూడా అన్నాడు."

మేస్త్రి లేచి నిచ్చెన వేసి, బాగున్న పెంకులు నాలుగు కదిపి మళ్లీ అలాగే పెట్టి దిగాడు. కారడం కాదు సార్, అతుకు జరిగింది, అప్పుడప్పుడు ఇలా వచ్చి సర్దాలి అని పెద్దటోపీకి చెప్పాడు.

అతను తిరిగొచ్చేసరికి అన్నాల వేళ దాటింది. కాపలావాడు గేటు నీడలో ఉన్నాడు. మేస్త్రి మా మధ్య నుంచి నడుస్తూ ఒక్కొక్కరి దగ్గర ఒక్కొక్క మాట దించాడు. చీమకు గరిటె సంగతి చెప్పాడు. చీమ, "కొట్టింది, రెండు," అన్నాడు, ఆ రోజే గీయడం మొదలుపెట్టాడు. మరదలికి ఐదో కాలు సంగతి చెప్పాడు.

"అది తోక," అందామె. తర్వాత తీగ వదిలి, "అందులో ఉన్నాడా బావగారూ?" అంది.

"నాతో పాటు రా," అని ఆమెను బట్టీ దగ్గరికి తీసుకెళ్లాడు. నేను కట్టెలు దించుతున్నాను. ముగ్గురు ఒకచోట నిలబడకూడదని ఆమె పక్కకు వెళ్లి మోపు మీద కూర్చుంది.

"అమ్మా," అన్నాడు మేస్త్రి. "ఎడమ మూతి పక్క పెంకులు నల్లబడుతున్నాయంట. మూడు కట్టెలు తగ్గించాలంట. చెబితే వినవంట."

బట్టీ అమ్మ చేతిలో ఇనప చువ్వ ఉంది.

"ఎవరూ?"

"ఇంకెవరు?"

"ఎప్పుడు?"

"నిన్న."

మోపు మీద కూర్చున్న చిన్నకోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బట్టీ అమ్మ కొడుకును చూసింది, కోడలిని చూసింది, చివరికి ఎడమ మూతిలోకి చూసింది.

"నల్లబడ్డాయా," అంది. "నలభై ఏళ్లు కాల్చాను, ఒక్క పెంకు నల్లబడిందని ఎవరూ అనలేదు. అక్కడ మబ్బుగా ఉండి ఉంటుంది, వాడికి అలా కనబడింది. నాకు చెప్పేంతవాడయ్యాడా?"

"నన్నేం అంటావు, వాడు అన్నది చెప్పాను."

"ఇంకేమన్నాడు?" అంది చిన్నకోడలు.

"ఇంకేం అనలేదు. అదే రోజూ అంటున్నాడంట."

బట్టీ అమ్మ గొణుక్కుంటూ ఎడమ మూతి ముందు గొంతు కూర్చుంది. ఆ గొణుగుడు మేం విని ఏడు నెలలైంది. మబ్బట, అదుపట, అంటూనే చువ్వతో మండుతున్న కట్టె ఒకటి బయటికి లాగి ఇసుకలో పడేసింది. రెండోది లాగింది. మూడోది సగం దాకా లాగి, కాసేపు చూసి, మళ్లీ లోపలికి తోసేసింది.

"రెండు చాలు," అంది.