ఆరకూడని వాక్యం

సెలవు రోజున వంట కాగానే వనజ గడప పక్కన కూర్చుని స్పానిష్ చదువుకుంటుంది. ఆమె పనిచేసే సుల్తాన్‌పూర్ సిరంజిల కంపెనీ సరుకు ఆ భాష మాట్లాడే దేశాలకు పోతుంది. రేపటి పరీక్ష గట్టెక్కితే ఆమెను ప్యాకింగ్ నుంచి ఆఫీసులోకి మారుస్తారు.

నోటుబుక్కు మాత్రం మరకలమయం. ఇంద్రేశంలోని వాళ్ళ ఇంట్లో ఏది రాసినా, జరిగిన సంగతైతేనే సిరా ఆరుతుంది, జరగనిది తడిగానే ఉంటుంది. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టిన రోజుల్లో వనజ మొగుడు జైపాల్ చేత ‘బడికి పోయిన’ అని రాయించి, వేలితో తుడిచి చూసి, వీపు వాయగొట్టేది వాళ్ళమ్మ ఆగమ్మ. ఇప్పుడామె వనజకు అత్త.

ఆ రోజు స్పానిష్ నేర్పే ట్రైనర్ నిషిత ఫోన్లో ‘ఫ్వే’ అనే మాట చెప్పింది. “వెళ్ళాడు అన్నా అదే, ఉండేవాడు అన్నా అదే అక్కా. పక్క మాటను బట్టి తెలుస్తది. రాసి చూడు.”

జైపాల్ కెమికల్ ఫ్యాక్టరీలో ఆపరేటర్. ఇవాళ ట్యాంకు కడగాలని పొద్దున్నే చెప్పి వెళ్ళాడు. అదే గుర్తొచ్చి వనజ రెండు వాక్యాలు రాసింది. జైపాల్ ట్యాంకులోకి వెళ్ళాడు. జైపాల్ ఆపరేటర్‌గా ఉండేవాడు. రెండింటికీ ఫ్వే.

పై వాక్యం మొదటి అక్షరం ఆరడం మొదలైంది.

లోపలి గాలి విషమో కాదో పరీక్షించకుండా, ముక్కుకు దస్తీ కట్టుకుని దిగడమే అక్కడి పద్ధతి. పోయిన నెల అట్లా దిగిన ఇద్దరిని శవాలుగా తాడుతో లాగారు. ఫోన్ చేద్దామంటే గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. వెళ్ళాడుకూ ఉండేవాడుకూ మధ్య దూరం ఒక నిచ్చెనేనని ఆమెకు అప్పుడర్థమైంది.

“అత్తా, జల్దీ నీళ్లు తే.”

ఆగమ్మ నోటుబుక్కు చూసి చెంబు తెచ్చింది. ఇద్దరూ వేళ్ళు ముంచి పై వాక్యాన్ని చుక్క చుక్కగా తడుపుతున్నారు. ఇటు తడిపితే అటు ఆరుతోంది. అంతలో ఎవరూ చూడని కింది వాక్యం మొత్తం ఆరిపోయింది. వనజ వేలితో రుద్దింది. అంటలేదు. ఉండేవాడు అంటే ఇక లేడనేగా.

ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కడానికి మూడుసార్లు తడి వేలు జారింది.

“వనజా,” అన్నాడు జైపాల్. “ట్యాంకు నిచ్చెన మీద ఏడికెల్లి కారుతున్నయో, ఒక్కటే నీళ్లు. కాలు ఆగలే. ఇగ దిగనన్న. సూపర్‌వైజర్ గేటు బయటికి తోలిండు, పని పోయింది. అమ్మకు జెర నిమ్మలంగ చెప్పు.”

ఆగమ్మ సిరా అంటిన చేత్తోనే ఫోన్ దగ్గరికి లాక్కుంది.

“పోనీ కొడకా,” అంది. “నువ్వు ఇంటికి రా.”