గోడ మీద తాలీంఖానా

ఇప్పటికీ ఎక్కడైనా మూసిన కిటికీ కనిపిస్తే, అందులో చిల్లు ఉందేమోనని దేవకృప కళ్లు వెతుకుతాయి. తర్వాత ఎదురుగోడ వైపు తిరిగి కాసేపు ఊరికే నిలబడుతుంది. పోలీసు యాక్షన్ రోజుల్లో పడిన అలవాటు అది.

అప్పుడు వాళ్లు సికింద్రాబాద్‌లో, రెజిమెంటల్ బజార్ వెనక సందులో ఉండేవారు. నాన్న యెషయా గుంటూరు వైపు నుంచి వచ్చి మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాడు. సందుకు అవతల, సరిగ్గా వాళ్ల కిటికీకి ఎదురుగా, ఉస్తాద్ చాంద్‌పాషా తాలీంఖానా ఉండేది. కుస్తీ నేర్చుకునే కుర్రాళ్లు తెల్లవారకముందే వచ్చి దండీలు, బస్కీలు తీసేవారు. వాళ్ల ఊపిరి చప్పుళ్లకే దేవకృపకు మెలకువ వచ్చేది.

నిజాం రాజ్యం మీదికి ఇండియా మిలటరీ వస్తోందన్న రోజు ఆ చప్పుళ్లు ఆగిపోయాయి. చాంద్‌పాషాకు ఉన్నది ఒక్క కొడుకు, షంషీర్. రైల్వే పార్సిల్ పని మీద కాజీపేట వెళ్లినవాడు రాలేదు. రైళ్లు లేవు, కబురూ లేదు. ముసలాయన్ని ఒంటరిగా ఉంచడం మంచిది కాదని యెషయా వెళ్లి, చెయ్యి పట్టుకుని తమ ఇంటికి తీసుకొచ్చాడు. తాలీంఖానాకు తాళం పడింది.

అమ్మ ఎమిలీ కిటికీ తలుపులు బిగించి, విమానాల భయంతో నల్లకాగితం అంటించింది. ఎవరు పిలిచినా తలుపు తీయకూడదంది. ఆ చీకటి గదిలో ఉస్తాద్ గోడకు చేరగిలబడి కూర్చునేవాడు. రొట్టె పెడితే ఓ ముక్క తుంచి, పళ్లెం పక్కకు జరిపేవాడు.

"కసరత్తు చేయవా తాతా?" అని అడిగింది దేవకృప.

"ఎవల కోసం బిడ్డా? నేర్చుకునేటోడు రావాలె గదా."

ఓ పొద్దున గదిలో కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీద ఏదో కదులుతున్నట్టు దేవకృపకు అనిపించింది. చాలాసేపు కదలకుండా చూసింది. కిటికీ చెక్కలో కణుపు ఊడిన చోట కాగితం చిరిగి, చిన్న చిల్లు పడింది. ఆ చిల్లులోంచి వీధి మొత్తం గోడ మీదికి వచ్చి పడింది, తలకిందులుగా. ఎండలో ఉన్న తాలీంఖానా పచ్చ తలుపు, దాని తాళం, పైనెక్కడో నేల, కింద ఆకాశం.

"నాన్నా, బయాస్కోపు!"

యెషయా వచ్చి చూసి నవ్వాడు. "వెలుతురు వంకరగా పోదమ్మా. పైనుంచి వచ్చింది చిల్లులో దూరి కిందికే పోతుంది, కిందనుంచి వచ్చింది పైకి పోతుంది."

ఉస్తాద్ మొదటిసారి ముందుకు వంగాడు. "అరే, నా తాలీంఖానా! గిట్ల ఉల్టా నిలబడ్డదేంది?" కాసేపు మెడ అటూ ఇటూ తిప్పి చూశాడు. "బొమ్మ సీదా కాకుంటే మనమే ఉల్టా అయితే అయిపాయె." లేచి పైజామా నాడా బిగించి, బీరువా పక్కన దిండు వేసుకుని, శీర్షాసనం వేసేశాడు.

"ఈ వయసులో మెడ పట్టేస్తే కాపడం ఎవరు పెడతారండీ?" అంది ఎమిలీ, నవ్వు ఆపుకోలేక.

"నాది మెడ గాదమ్మా, తాలీంల తిప్పే కట్టె ముగ్దరం!"

ఆ పూట ఆయన రొట్టె మొత్తం తిన్నాడు. రోజూ పొద్దున బొమ్మలాట చూడడానికి తలకిందులవడం షురూ చేశాడు. దేవకృప కూడా వంగి కాళ్ల సందులోంచి చూసేది. సందులోకి ఎవరు వచ్చినా ఆయన ముందు వాళ్ల కాళ్లే చూసేవాడు. షంషీర్‌కు ఎడమకాలు కుంటు. చిన్నప్పుడు పట్టు నేర్పుతుంటే తండ్రి చేతుల్లోంచి జారిపడి మోకాలు దెబ్బతింది. ఆయన వెతుకుతున్నది ఆ కుంటు కోసమేనని ఇంట్లో అందరికీ తెలుసు.

బజారు కాసేపు తెరవనిచ్చిన రోజున రోజూ కూరగాయలమ్మే రోసమ్మ మోండా మార్కెట్ నుంచి గంపతో వచ్చింది. గోడ మీద ఆమె కుడిచంకన గంప కనిపించింది. అమ్మ తలుపు కాస్త తీసినప్పుడు చూస్తే, గంప ఎప్పటిలాగే ఎడమచంకన ఉంది. గంప మార్చుకుందేమో అనుకుంది దేవకృప. తిరిగి వెళ్తున్నప్పుడు గోడ మీద గంప మళ్లీ కుడిచంకకే చేరింది. ఎవరినీ అడగలేదు గానీ, ఆ గంప ఆమె మనసులో ఉండిపోయింది.

మర్నాడు పొద్దున గోడ మీదికి ఒక మనిషి వచ్చాడు. మాసిన ధోతి, తలకు తుండుగుడ్డ, ముఖం నిండా గడ్డం. కుంటుతూ వచ్చి తాలీంఖానా ముందు ఆగాడు.

తలమీద నిలబడ్డ ఉస్తాద్ ఆ కాళ్లకేసే చూశాడు. అంతలోనే ధబ్బున కాళ్లు దించేశాడు.

"గాదు. కుడికాలు కుంటుతుండు. మావోడు ధోతి సుత కట్టడు."

"ఎవరో కొత్త మనిషి. చప్పుడు చేయకండి," అంది ఎమిలీ గొంతు తగ్గించి.

గోడ మీది మనిషి తాళం పట్టుకుని చూశాడు. నుదురు తలుపుకు ఆనించాడు. తర్వాత వచ్చిన దారినే మళ్లాడు.

దేవకృపకు రోసమ్మ గంప గుర్తొచ్చింది.

"తాతా! గోడ మీద ఎడమ కుడి అవుతుంది! రోసమ్మ గంప కూడా అట్లే అయింది. అది కుడికాలు కాదు తాతా!"

అమ్మ ఆపేలోపే పరుగెత్తి గడియ తీసింది. ఉస్తాద్ ఆమెను దాటుకుని, చెప్పుల్లేకుండానే వీధిలోకి ఉరికాడు.

"షంషీర్!"

మలుపు దగ్గర ఆ మనిషి వెనక్కి తిరిగాడు. "అబ్బాజాన్! తాళం చూసి నువ్వు లేవనుకున్న."

తండ్రీకొడుకులు ఒకరినొకరు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. కాజీపేట నుంచి నడిచే వచ్చాడట. ముసల్మానని ఎవరూ పట్టుకోకుండా దారిలో ఒక ఇంటివాళ్లు ఆ ధోతి కట్టించి పంపారట. లోపలికి తీసుకొచ్చాక ఎమిలీ కళ్లు తుడుచుకుంటూ అన్నం పెట్టబోతే, ఉస్తాద్ చెయ్యి అడ్డుపెట్టాడు.

"జెర ఆగమ్మా. బేటా, ఒక్కసారి బయటికి పోయి తాలీంఖానా ముంగట నడువు."

"ఏందబ్బా, పరేషాన్ చేస్తవ్? కాళ్లు గుంజుతున్నయ్."

"జెర నడువు రా. గోడ మీద చూడాలె."

షంషీర్ విసుక్కుంటూనే వెళ్లి నడిచాడు. ఈసారి ఉస్తాద్ తలకిందులు కాలేదు. గోడ దగ్గరికి పోయి, కుంటుతున్న ఆ చిన్న కాలి మీద వేలు పెట్టి, అది ఎటు కదిలితే అటు మెల్లగా వెంట జరిపాడు.