పక్క సీటు

ఆ లాండ్రీలో సాయంత్రం పూట నోరు మూసుకుని పనిచేసేది ఇస్త్రీపెట్టె ఒక్కటే. మిగతావాళ్ళంతా మాట్లాడతారు. కౌంటరుకి ఇటు చొక్కాల కుప్ప, అటు రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒకదాంట్లో పక్క షాపు కళ్ళద్దాలాయన కూర్చుంటాడు, ఇంకోదాంట్లో బస్సు నడిపి నడిపి రిటైరైన డ్రైవరన్న. ఇద్దరికీ ఇవ్వడానికి బట్టలు ఉండవు, తీసుకోవడానికీ ఉండవు, అయినా రోజూ వస్తారు. లాండ్రీ అక్క వాళ్ళని కూర్చోమనదు, పొమ్మనదు. ముగ్గురిదీ ఒకటే ఫుట్‌బాల్ క్లబ్బు, తూర్పు స్టాండులో ఒకటే వరస. ఇక అంతకన్నా దగ్గర చుట్టరికం ఏముంటుంది.

ఆ వారం క్లబ్బు కప్పు సెమీఫైనల్ ఆడబోతోంది, అదీ సొంత గ్రౌండులో.

"కప్పు మనదే," అన్నాడు డ్రైవరన్న. "బీరువాలో చోటు ఖాళీ చేసి పెట్టుకోమని చెప్పండి క్లబ్బువాళ్ళకి."

"ఆలూ లేదు చూలూ లేదు, అప్పుడే బీరువా దాకా వెళ్ళావా? ముందు గేటు దాటే దారి చూడు. ఫోన్లో టికెట్ వచ్చిందా నీకు?" అన్నాడు కళ్ళద్దాలాయన.

డ్రైవరన్న ఫోను తీసి, చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చూశాడు. "ఇదేనా? గళ్ళ చొక్కా చిరిగిన ముక్కలా ఉంది."

"అదే. గేటు దగ్గర మిషనుకి చూపిస్తే పచ్చ లైటు వెలుగుతుంది."

"మధ్యలో బ్యాటరీ చచ్చిపోతే?"

"నువ్వు బతికుండు చాలు. బ్యాటరీ సంగతి నేను చూసుకుంటాను."

"బస్సు నడిపినన్నాళ్ళూ టికెట్ అంటే కాగితమే. చింపితే చప్పుడయ్యేది. ఆ చప్పుడు వింటే సగం గెలిచినట్టుండేది."

"ఆ చప్పుడుతో పాటే గేటు బయట దొంగ టికెట్లూ అమ్మేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళ ఆట కట్టు. ఎవరి టికెట్ వాళ్ళ ఫోన్లోనే, ఎవరి మొహం వాళ్ళకే."

మామూలుగా అయితే ఇద్దరికీ కలిపి లాండ్రీ అక్కే నాలుగు అంటించేది. ఆ రోజు కాలరు తిరగేసి పెట్టె నొక్కుతూ, మధ్యమధ్యలో పక్కనున్న తన ఫోను వైపు చూస్తోంది. అందులో రెండు సీట్లు కనబడుతున్నాయి. ఆవిడ సీటు పక్కన పచ్చ టిక్కు ఉంది. దాని పక్క సీటు దగ్గర పసుపు గుర్తు, కింద ఒక ముక్క: ఈ సీటుకు వ్యక్తి నమోదు కాలేదు.

ఆ పక్క సీటు ఆవిడ చెల్లెలిది. పొట్టి అని ఇంట్లో పిలిచేవాళ్ళు. తర్వాత అక్కకన్నా ఎత్తు ఎదిగినా పేరు మారలేదు.

తూర్పు స్టాండులోవి సినిమా హాల్లో ఉండేలాంటి స్ప్రింగు సీట్లు. కూర్చుంటే కిందికి దిగుతాయి, లేస్తే టక్కున పైకి లేచి వెనక్కి ఆనుకుంటాయి. పొట్టి గ్రౌండుకి రావడం మానేసి చాలా ఏళ్ళయింది. ఆమె సీటు మాత్రం మానలేదు. మ్యాచ్ మొదలవగానే దానంతట అదే కిందికి దిగి, ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది. క్లబ్బు గోలు కొట్టేముందు, బంతి ఇంకా ఎక్కడో మధ్యలో ఉండగానే, టక్కున లేస్తుంది. పొట్టికి చిన్నప్పటినుంచీ అదే అలవాటు, గోలు ఎవరికీ కనబడకముందే లేచి నిలబడటం. ఇప్పుడు ఊరికి ఆ చివర తన ఇంట్లో టీవీ ముందు ఆమె లేస్తే, ఇక్కడ సీటు లేస్తుంది.

దీన్ని స్టాండులో ఎవరూ వింతగా చెప్పుకోరు. చప్పుడు వినగానే టీ కప్పులు కింద పెట్టి గొంతు సవరించుకుంటారు, అంతే. అవతలి జట్ల గోల్ కీపర్లకి కూడా సంగతి తెలుసు. ఒకాయన ఆ సీటుకి గుడ్డ కప్పించమని రిఫరీకి ఫిర్యాదు చేశాడు. సీట్ల గురించి రూల్సులో ఏమీ లేదని రిఫరీ పంపించేశాడు.

అందరికీ అది గోలు కబురు చెప్పే సీటు. అక్కకి మాత్రం చెల్లెలి కబురు చెప్పే సీటు. పొట్టి ఆసుపత్రిలో నర్సు. మ్యాచ్ పూటంతా సీటు పైకే ఉంటే, ఆ రోజు డ్యూటీ పడిందన్నమాట. ఒక చలికాలమంతా సీటు మాటిమాటికీ లేచి దిగుతుంటే ముందు కంగారుపడింది. తర్వాత ఆ లేవడంలోని తొందర చూసి, ఇంట్లో ఉయ్యాల్లో ఎవరో ఏడుస్తున్నారని గ్రహించింది. తాను పెద్దమ్మనయ్యానని అక్కకి తెలిసింది అలా. ఆ సాయంత్రం క్లబ్బు ఓడిపోయినా ఆవిడ నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళింది.

అక్కాచెల్లెళ్ళ మధ్య మాటల్లేకపోవడానికి కారణం పొట్టి పెళ్ళి. పొట్టి చేసుకున్నది అవతలి క్లబ్బు అభిమానిని. కష్టమ్మీద అదీ మింగింది అక్క. రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ ఖాయమయ్యాక, క్లబ్బు సెమీఫైనల్‌కి వచ్చి మ్యాచ్ సరిగ్గా అదే రోజున పడింది. పొద్దున సంతకాలు, మధ్యాహ్నం మ్యాచ్, రెండూ అయిపోతాయనుకుంది. రిజిస్ట్రారు తీరిగ్గా వచ్చాడు. సాక్షి సంతకం గీకేసి, అందరూ ఫొటోకి నిలబడే వేళకి అక్క బస్సు ఎక్కేసింది. ఆ మ్యాచూ క్లబ్బు ఓడిపోయింది. రెంటికీ చెడ్డ రేవడి అంటే ఎవరో ఆవిడకి వేరే చూపించక్కర్లేదు.

ఆ సాయంత్రం పొట్టి ఫోను చేసింది. "కప్పొచ్చిందా అక్కా?"

"లేదే."

"అయితే నేనూ లేననుకో," అని పెట్టేసింది.

ఆ తర్వాత ఇద్దరూ ఫోను చెయ్యలేదు. అక్కకి మొదట పంతం, ఆ వెనక సిగ్గు. పంతం కొన్నాళ్ళకి పోయింది, సిగ్గు మాత్రం అలాగే ఉండిపోయింది. ప్రతి ఏడూ రెండు సీజన్ టికెట్ పుస్తకాలూ తీసుకుని వెళ్ళేది. గేటు దగ్గర ముసలాయన రెండిట్లోనూ చీటీ చింపి, "ఇద్దరూ వచ్చారు," అనేవాడు. మిషను అలా అనదు.

మర్నాడు షాపు కాసేపు మూసి క్లబ్బు ఆఫీసుకి వెళ్ళింది. కళ్ళద్దాలాయన తోడు వచ్చాడు. కంప్యూటరు ముందున్న అమ్మాయి సీటు నంబరు వినగానే తలెత్తింది.

"ఆ సీటా అండీ? దానికి మనిషి ఎవరూ లేరని చూపిస్తోంది."

"సీటు దాని పని అది చేస్తూనే ఉంది కదమ్మా."

"నాకు తెలీదా అండీ, మొన్న నేనూ విన్నాను చప్పుడు. కానీ ఇప్పుడు సీటుకో మనిషి ఉండాలి. ఆ మనిషి ఫోను, ఫొటో ఉండాలి. శుక్రవారం సాయంత్రానికి లేకపోతే వేరేవాళ్ళకి వెళ్ళిపోతుంది."

"వేరేవాళ్ళు కూర్చుంటే ఏమవుతుంది?"

"కూర్చుంటే ఏముందండీ, మామూలు సీటు అవుతుంది," అంది అమ్మాయి మెల్లగా.

కళ్ళద్దాలాయన జేబులోంచి రెండో ఫోను తీశాడు. "దీని మీద రాసెయ్యమ్మా. నా మొహమే రెండుసార్లు పెట్టుకోండి."

"అప్పుడది నువ్వు లేస్తే లేచే సీటు అవుతుంది," అంది అక్క. "నువ్వు గోలు పడ్డాక కూడా లేవవు."

అమ్మాయి నవ్వు ఆపుకుని, అక్క ఫోను తీసుకుని ఒక బటను చూపించింది. "ఎవరి సీటు వాళ్ళకే పంపండి. నంబరు కొట్టి ఇది నొక్కితే చాలు. వాళ్ళు ఒప్పుకుంటే పసుపు పోయి పచ్చ వస్తుంది."

నంబరు కొట్టడం కష్టం కాలేదు. అది ఆవిడకి నిద్రలో అడిగినా వస్తుంది. నొక్కడం దగ్గరే సాయంత్రం దాకా పట్టింది. ఒకే చొక్కాని రెండుసార్లు ఇస్త్రీ చేసింది.

"నొక్కు," అన్నాడు డ్రైవరన్న. "స్టాపులో నిలబడి చెయ్యెత్తకపోతే ఏ డ్రైవరూ బస్సు ఆపడు."

"ఎత్తినా ఆపకుండా వెళ్ళినవాళ్ళని చూశాను."

"వాళ్ళు నా రూటువాళ్ళు కాదు."

అక్క బొటనవేలు చీర కొంగుకి తుడుచుకుని నొక్కింది.

గురువారం పసుపే. శుక్రవారం పొద్దున పసుపే. సాయంత్రం డ్రైవరన్న కూడా కప్పు మాట ఎత్తకుండా కుర్చీలో నిమ్మళంగా కూర్చున్నాడు, అది చూసి అక్కకి ఇంకా భయం వేసింది. షాపు షట్టరు సగం దించుతుండగా ఫోను టింగుమంది. పచ్చ టిక్కు. దాని పక్కన గుండ్రంగా చిన్న ఫొటో. ఒక్క మాట లేదు, "సరే" అని కూడా లేదు. అక్క ఫొటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. చెంపల దగ్గర రెండు మూడు తెల్ల వెంట్రుకలు, మొహం మీద కొత్తగా కళ్ళద్దాలు.

"ఆ ఫ్రేము మన షాపుది కాదు," అన్నాడు కళ్ళద్దాలాయన, కొంచెం నొచ్చుకుని.

"కప్పు మనదే," అన్నాడు డ్రైవరన్న.

సెమీఫైనల్ రోజు గేటు మిషను ముగ్గురికీ పచ్చ లైటు వెలిగించింది. డ్రైవరన్న దాన్ని భుజం తట్టి మరీ లోపలికి వచ్చాడు. స్టాండు నిండిపోయింది. విజిల్ పడింది.

పక్క సీటు దిగలేదు.

అక్క దాన్ని చూసింది, వరసలో అందరూ చూశారు. టిక్కు పచ్చగానే ఉంది, సీటు పైకే ఉంది. "డ్యూటీ పడిందేమో," అన్నాడు కళ్ళద్దాలాయన. ఆట బాగానే సాగుతోంది. బంతి ఎక్కువగా మనవాళ్ళ కాళ్ళ దగ్గరే ఉంది, గోలు మాత్రం లేదు. సీటు లేవకుండా గోలెలా వస్తుందని వెనక వరసలో ఎవరో సణిగారు, పైకే ఉన్న సీటు ఇంకెక్కడికి లేస్తుందని ఇంకొకరు అన్నారు. అక్కకి గోలు మీద ధ్యాస లేదు. పంపకుండా ఉండాల్సింది అనుకుంది. సీటు తనకి చెల్లెలిని చూపిస్తూనే ఉండేది, ఆశపడి అదీ పోగొట్టుకున్నానేమో అనుకుంది.

రెండో సగం మొదలయ్యాక మెట్ల మీంచి ఒకామె దిగింది. ఆసుపత్రి చెప్పులే కాళ్ళకి ఉన్నాయి, చేతిలో ఫోను. వరసలో మోకాళ్ళు తప్పించుకుంటూ వచ్చి సీటు ముందు ఆగింది.

"డ్యూటీ దిగేసరికి ఆలస్యమైంది," అంది ఎవరితోనో అన్నట్టు. "బస్సులో కూర్చోడానికి చోటే లేదు. ఊరికి ఆ చివరినుంచీ నిలబడే వచ్చాను."

"అదీ సంగతి," అంది వరసంతా ఒక్కసారే, హాయిగా.

పొట్టి సీటు కిందికి లాగి కూర్చుంది.

"అందరూ నన్నే చూస్తున్నారేంటి?" అంది పొట్టి.

అక్క చెప్పింది. సీటు సంగతీ, చప్పుడు సంగతీ, గుడ్డ కప్పమన్న గోల్ కీపరు సంగతీ. పొట్టి మధ్యలో ఒకసారి సీటు అంచు తడిమి చూసుకుంది.

"అంటే నేను చూస్తున్నట్టు నీకు ఇన్నాళ్ళూ తెలుసా?"

"తెలుసు. డ్యూటీలు తెలుసు. పాప పుట్టినట్టు తెలుసు."

"బాబు."

"బాబా," అంది అక్క.

"ఇంత తెలిసీ ఒక్క ఫోను చెయ్యలేదు."

"తప్పే. ఆ రోజు ఫొటోకి ఆగకపోవడం అంతకన్నా తప్పు. చేస్తే పెట్టేస్తావని భయమే. సీటైతే పెట్టేయదు కదా."

మనవాళ్ళు ఒక త్రో తీసుకున్నారు, బంతి వెనక్కి వచ్చింది.

"మా ఇంట్లో సోఫాలో నా పక్కన గుంట పడుతుంది," అంది పొట్టి. "మ్యాచ్ మొదలైన దగ్గర్నుంచీ అయ్యేదాకా. ఎవరూ కూర్చోలేరు. ఆయన పాపం కింద కూర్చుని చూస్తాడు."

"గుంటా?"

"నీదే. ఏటేటా లోతవుతోంది. కాస్త తిండి తగ్గించు."

అక్క నవ్వబోయింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పొట్టి ఇంకేదో అనబోయి ఆగిపోయింది. మెడ నిక్కించింది. లేచి నిలబడింది.

టక్.

వరసంతా కప్పులు కింద పెట్టింది. బంతి ఇంకా మన డిఫెండరు కాళ్ళ దగ్గరే ఉంది. వెనక వరస లేచింది, దాని వెనకది లేచింది, తూర్పు స్టాండంతా లేచింది. అక్కా లేచింది, కానీ గ్రౌండు వైపు చూడలేదు. పిడికిలి నోటికి ఆనించుకుని, కొత్త కళ్ళద్దాల వెనక రెప్ప వెయ్యకుండా నిలబడ్డ చెల్లెల్ని చూసింది. చిన్నప్పుడూ ఇలాగే నిలబడేది. ఈ మొహం ఇన్నాళ్ళూ ఒక చప్పుడుగానే తెలుసు. స్టాండు ఒక్కసారిగా దద్దరిల్లింది. ఎవరో ఎవరినో ఎత్తుకున్నారు. డ్రైవరన్న కళ్ళద్దాలాయన్ని కావలించుకుని, ఆయన అద్దాలే వంకర చేశాడు.

"ఎవరు కొట్టారు?" అంది అక్క.

పొట్టి తిరిగింది. "నువ్వు చూళ్ళేదా?"

"లేదు."

"సెమీఫైనల్లో గోలు చూళ్ళేదా?"

"లేదే."

పొట్టి ఆవిడ మొహంలోకి చాలాసేపు చూసింది. తర్వాత తన ఫోను కళ్ళద్దాలాయనకి ఇచ్చింది. "ఒక ఫొటో తియ్యండి, ఇద్దరికీ."

"ఇప్పుడా? బంతి మళ్ళీ మధ్యలో పెట్టేశారు," అన్నాడాయన వంకర అద్దాల్లోంచి గ్రౌండు వైపు చూస్తూ.

"తియ్యండి," అంది అక్క.

వెనక ఆట మొదలైంది. అక్క కదలకుండా నిలబడింది.